'వర్డ్ ఫైలు మాత్రమే' గారికి ఒక అర్జీ

అయ్యా,

ఇవాళ తిరుపతిలో తమరి దర్శన భాగ్యం కలిగింది. వ్యాసాలు తీసుకునే సెక్షన్ బయట నోటీసు బోర్డు మీద, స్కెచ్ పెన్ను అక్షరాల్లో కొలువై ఉన్నారు. చిత్తూరు నుంచి ఎండన పడి, పరిశోధన వ్యాసం పెన్‌డ్రైవులో పెట్టుకొని వచ్చినవాణ్ణి. వర్డ్‌కు పోటీగా ఊరకే దొరికే లిబ్రే ఆఫీస్‌లో రాసిన ఓడీటీ ఫైలు. లోపలి పెద్దాయన ఫైలు పేరు చివర చూశాడు, తమరి వైపు వేలు చూపించాడు. "ఇట్లాంటివి మా దాంట్లో తెరుచుకోవు నాయనా, వర్డ్‌లో మార్చుకోని రాపో" అని టీకి లేచాడు.

తెరిచి చూసి చెప్పలేదు సామీ. చూడకుండానే చెప్పాడు. నా మంటంతా అక్కడే.

ఓడీటీని వర్డ్ 2009వ సంవత్సరం నుంచే తెరుస్తుంది. ఆఫీస్ 2007కి రెండో సర్వీస్ ప్యాక్ ఇచ్చినప్పుడే మైక్రోసాఫ్ట్ ఆ ఏర్పాటు చేసింది. పోటీదారుడే సరేనన్నాక మధ్యలో తమరెవరు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ ఊళ్లో నిలబడి అనకూడని సామెతే గానీ, ఇంకేం అనను? ఓడీటీ వెనకున్న ఓడీఎఫ్ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఒప్పుకున్న ప్రమాణం. వర్డ్ సొంత ఫైలు డాక్స్, దాని వెనకున్న ఆరువేల పేజీల ప్రమాణం ఓఓఎక్స్ఎంఎల్ 2008లో అదే ఐఎస్‌ఓ ముందుకొస్తే మన దేశం వద్దనే ఓటేసింది. అది గెలిచిందనుకోండి, వేరే సంగతి. 2010లో కేంద్రం ఈ-పాలనకు ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రమాణాలని విధానం రాసుకుంది, 2015లో లిబ్రే ఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌నే ముందు చూడమంది. ఢిల్లీ కాగితాలు కనుమ దాటి రాలేదు కాబోలు.

బాలాజీ కాలనీలో జిరాక్సు అంగడికి పోయినా. అక్కడా వర్డే. పిల్లోడు డబుల్ క్లిక్ కొట్టాడు, తెరుచుకుంది! పట్టిక ఒకటి పక్క పేజీకి జారింది, పోతన ఫాంటు లేక అక్షరాల రూపు మారింది, అంతే. "బాగానే ఉండాది కదన్నా, ఇంక మార్చేదేముంది?" అన్నాడు. డాక్స్‌గా సేవ్ చేసినందుకు దుడ్లు మాత్రం తీసుకున్నాడు. వాడి తెర మీద లైసెన్సు లేదని పసుప్పచ్చ పట్టీ. తమరి సెక్షన్ కంప్యూటర్ మూలన కూడా విండోస్ యాక్టివేట్ చేసుకోమన్న అక్షరాలు చూసే వచ్చా. అంటే, ఊరకే ఇచ్చినదాన్ని న్యాయంగా వాడుకుంటే చెల్లదు, కొననిదాన్ని దొంగగా వాడుకుంటే దివ్యంగా చెల్లుతుంది.

తిరిగొచ్చేసరికి సెక్షన్‌కు తాళం.

ఇంక ఈ తమరు గిమరు నా వల్ల కాదు. ఒరే, నిన్ను రాసిందెవరు? జీవో నంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు, ముద్ర లేదు. సెలోటేపు ఊడిపోతే రాలిపోయే బతుకు నీది, నీకింత పొగరా? సోమవారం వస్తాండా. ఓడీటీతోనే వస్తాండా. తెరిచి చూడకుండా పంపేస్తే, పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడుగుతా, నువ్వు ఏ ఉత్తర్వుకు పుట్టావని.

జవాబు మాత్రం వర్డ్‌లో పంపొద్దు.

ఇట్లు,
చిత్తూరు బస్సు కోసం నిలబడినవాడు