ఒక్క వానకే పొంగిపోయిన పీజోమీటరు గారికి

మహారాజశ్రీ పీజోమీటరు గారి సముఖానికి,

భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవడానికి తవ్విన బోరు కదా తమరు. మొన్న రాత్రి కళ్యాణదుర్గం వైపు పడిన వానకు తమరు ఏకంగా 9 మీటర్లు పైకి లేచారని తెలిసి ఊరంతా పులకించింది. ఆ పులకింతలోనే మా ట్యాంకర్లు ఆగిపోయాయి. "మీ ఊళ్లో నీళ్లు పెరిగినాయి కదప్పా, ఇంకా ట్యాంకరెందుకు?" అని మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చోబెట్టిన సారు, సాయంత్రానికి కంప్యూటర్‌లో తమరి గీత చూపించాడు. చక్కటి గీత. నిటారుగా ఉంది.

తమరి పక్క చేలోనే ఉన్న మా 600 అడుగుల బోరు మాత్రం ఇంచు కూడా లేవలేదు. మోటారు వేస్తే గాలే వస్తోంది. ఏడాదంతా కలిపి సగటున అయిదారు వందల మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, తమరికొక్కరికే గంగమ్మ ఎట్లా కరుణించిందో మాకు తెలుసు.

తమరిని తవ్విన రోజు నేను అక్కడే ఉన్నాను. పైనున్న మెత్తరాయి దాటి గట్టిరాయి తగిలేదాకా కేసింగు, అంటే గుంత కూలకుండా వేసే పైపు, దించారు. దాని కింద ఒట్టి రాతి బోరు. మా నేలలో చేసేది అట్లే, తప్పు లేదు. మరి కేసింగుకూ గుంతకూ మధ్య సందు? అందులో బెంటోనైట్ మట్టి పోయాలి. తడిస్తే అది ఉబ్బి సందును బిర్రుగా మూసేస్తుంది. దానిమీద సిమెంటు పాలు. అదీ పైనుంచి గుమ్మరించకూడదు. సన్నపైపు అడుగుదాకా దించి, కిందనుంచి పైకి నింపుకుంటూ రావాలి. లేకపోతే మధ్యలో ఇరుక్కుని కింద బోలుగా మిగులుతుంది. తమరికి పోసిందేమిటి? బోరులోంచి వచ్చిన రాతిపొడినే పారతో లాగి, కాళ్లతో తొక్కారు. బెంటోనైట్ గుజరాత్‌లోని కచ్ నుంచి రావాలి కదా, పాపం దారి తెలియలేదేమో.

తమరి చుట్టూ కట్టిన గట్టు నీళ్లను బయటికి తోయాలి. అదేమో లోపలికి వాలింది. కొళాయి దగ్గరి మురుగు, పేడదిబ్బ కడుగు, వాన, అన్నీ అక్కడే చేరి కేసింగు వెంబడి లోపలికి. లోపల వేలాడే యంత్రాన్ని ఏమీ అనను. తన మీద ఎంత నీటి బరువుందో అంతే చెప్తుంది. అది రాతిలో ఊరిందో, మా వీధిలో గిన్నెలు కడిగితే వచ్చిందో దానికేం తెలుసు?

మూతకు తాళం లేదు, సరే. పిల్లలు రాళ్లేసి చప్పుడు వింటున్నారు, సరే. పరీక్షకు వచ్చినాయన నిలవనీళ్లు తోడి పారబోయకుండానే సీసా ముంచుకుని పోయి, ఫ్లోరైడ్ తక్కువే అన్నాడు. వాననీళ్లలో ఇంకెంత ఉంటుంది? అదీ సరే.

ఆ సందు మాత్రం సరే కాదు. నువ్వు రాకముందు ఆ మురుగు మట్టిలో వడకట్టుకుంటూ మెల్లగా దిగేది. ఇప్పుడు లిఫ్టెక్కినట్టు నేరుగా దిగి, మా బోర్లకు ఊరే రాతి నెర్రెల్లోనే కలుస్తోంది. నీళ్లను కాపలా కాయమని పెడితే నువ్వే పాడు చేస్తావా? పైగా పెరిగాయని అబద్ధపు సాక్ష్యం కూడానా?

ముందు ఆ రాతిపొడి తీయించుకుని సిమెంటు పాలు పోయించుకో. అంతవరకు నీ అంకె మా ఊరి లెక్కలో ఉండడానికి వీల్లేదు. కుదరదంటే నిన్ను పూడ్చేయమని అర్జీ పెడతాం. పూడ్చేటప్పుడైనా రాతిపొడి కాకుండా సిమెంటు పోయమని అందులోనే రాస్తాం.

ఇట్లు,
ట్యాంకరు ఆగిపోయిన వీధివాళ్లు