క్లారెన్స్ డారో తరఫున సినిమా వకాల్తా

జీవితకథా చిత్రాలు తీసేవారి కష్టాలు చూసేవారికి ఎన్నటికీ తెలియవు. వారు ఎంతో శ్రమపడి ఒక మహనీయుణ్ణి ఎంచుకుంటారు; తీరా ఆయన జీవితాన్ని విప్పి చూస్తే, పతాక సన్నివేశంలో కుప్పకూలవలసిన ప్రతినాయకుడు ఇంట్లో సుష్ఠుగా భోంచేసి పడుకుని ఉంటాడు. సినీ పరిశ్రమ పట్ల ఇలాంటి అపచారాలకు పాల్పడినవారిలో అగ్రగణ్యుడు, ముద్దాయిల తరఫున వాదించడంలో అమెరికాలో అంతటివాడు లేడనిపించుకున్న క్లారెన్స్ డారో అని నా అభియోగం. 1857లో ఒహాయో రాష్ట్రంలో పుట్టి 1938లో షికాగోలో కన్నుమూసిన ఆయనకు దేవుడు, అంటే ఉన్నాడో లేడో తనకు తెలియదని ఆయన చెప్పుకున్న ఆ దేవుడే, 80 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. అంత వ్యవధి చేతిలో ఉండి కూడా, రేపు ఎవరో ఒకరు తన మీద సినిమా తీస్తారు కదా, వారికి కాస్త వీలుగా బతుకుదామన్న ఇంగితం ఆయనకు లేకపోయింది.

న్యాయవాది సినిమాకు ఏమేమి కావాలో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ పాపం ఎరుగని ముద్దాయి, ఆఖరి నిమిషంలో తలుపు తోసుకుని ‘ఆగండి’ అంటూ వచ్చే సాక్షి, కళ్లు తుడుచుకునే జ్యూరీ ఉంటే చాలు. 1924లో షికాగోలో డారో చేసిన నిర్వాకం చూడండి. లియోపోల్డ్, లోబ్ అనే ఇద్దరు సంపన్నుల పిల్లలు 14 ఏళ్ల బాలుణ్ణి ఏ కక్షా లేకుండా చంపారు. వారి తరఫున నిలబడ్డ డారో, నా కక్షిదారులు నేరం ఒప్పుకుంటున్నారని మొదటే చెప్పేశారు. నేరం ఒప్పుకున్నాక జ్యూరీతో పని లేదు కనుక శిక్ష ఖరారు చేసే బాధ్యత జడ్జి కేవర్లీ ఒక్కరి మీదే పడింది, ఉరి వద్దని డారో ఆయన ఎదుట మూడు రోజుల పాటు మాట్లాడారు. మంచి ప్రసంగమే, కాదనను. కానీ మధ్యమధ్య కెమెరాను తిప్పుకోవడానికి ఆ గదిలో పన్నెండు తడిసిన ముఖాలు కూడా లేకుండా చేశాక ఎడిటర్ గతేం కావాలి? చివరికి దక్కిన ‘విజయం’ ఏమిటంటే, యావజ్జీవం, దాని మీద మరో 99 ఏళ్లు. ఈ జన్మ పోగా మిగిలిన బాకీ వచ్చే జన్మలో తీర్చుకోవాలన్నట్టున్న ఆ తీర్పును గెలుపుగా చూపించడానికి నేపథ్య సంగీతం ఎంత కష్టపడాలో ఊహించుకోవచ్చు.

అయినా సినిమావాళ్లు వెనుదీయలేదు. 1959లో వచ్చిన చిత్రంలో ఆ న్యాయవాదిగా ఆర్సన్ వెల్స్ నటించారు, పాత్ర పేరు మాత్రం మార్చారు. అంతకు ముందు ఏడాదే పెరోల్ మీద బయటికి వచ్చిన లియోపోల్డ్ ఏం చేశాడంటే, తన కథతో వచ్చిన నవల మీదా ఈ సినిమా మీదా కలిపి దావా వేశాడు. హంతకుడి ఏకాంతానికి భంగం కలిగిందన్న ఆ వ్యాజ్యం 1970 దాకా నలిగి, ఇల్లినాయ్ సుప్రీంకోర్టులో ఓడిపోయింది. డారో బతికి ఉంటే ఆ కేసు కూడా పుచ్చుకునేవారేమో, చెప్పలేం.

ఇక 1925 జూలైలో టెనెసీ రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో జరిగింది మరీ ఘోరం. రాష్ట్ర చట్టం నిషేధించిన జీవపరిణామం బోధించాడన్న నేరానికి జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద నడిచిన, ఆయన తరఫున డారో వాదించిన ఆ కేసులో నిజానికి ఆగ్రహంతో ఊగిపోయిన జనం ఎవరూ లేరు. ఆ ఊరి పెద్దలు రాబిన్సన్ మందుల దుకాణంలో బల్ల చుట్టూ కూర్చుని, ఈ కేసు ఒకటి పెడితే మన ఊరి పేరు దేశమంతా మోగుతుంది కదా అని మాట్లాడుకుని, టెన్నిస్ ఆడుకుంటున్న కుర్ర మాస్టారుకు కబురంపి, ముద్దాయిగా ఉంటావా అని అడిగారు. ఆయన సరేనన్నారు. బోధించకూడని పాఠం ఉన్న పుస్తకం అదే దుకాణంలో అమ్మకానికి ఉంది; దుకాణదారే పాఠశాల బోర్డు అధ్యక్షుడు. ఇంత సామరస్యంగా మొదలైన కేసుతో సినిమా ఎలా తీస్తారు? కనుకనే 1960లో స్పెన్సర్ ట్రేసీతో తీసిన ‘ఇన్‌హెరిట్ ది విండ్’లో మాస్టారును జైల్లో పెట్టారు, ప్రేమించడానికి ఒక పాస్టర్ గారి అమ్మాయిని ఇచ్చారు, వీధిలో జనం చేత కేకలు వేయించారు. ఇక్కడ కూడా డారోకు మారుపేరే.

ప్రాసిక్యూషన్ వైపు ఉన్న విలియం జెన్నింగ్స్ బ్రయన్ మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన మహావక్త. ఆయన్ను బోనెక్కించి బైబిలు మీద డారో ప్రశ్నలడిగిన ఘట్టం లేకుండా ఏ సినిమా లేదు. ఎండకు తాళలేకా, జనం బరువుకు కోర్టు అంతస్తు కూలుతుందేమోనన్న భయంతోనూ జడ్జి విచారణను చెట్ల కిందికి మార్చారు. కోటు విప్పేసి, సస్పెండర్లలో బొటనవేళ్లు దూర్చుకుని, ఆదాముహవ్వల కొడుకు కయీనుకు భార్య ఎక్కడి నుంచి వచ్చిందని డారో అడుగుతుంటే, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ బ్రయన్ జవాబులిచ్చారు. చరిత్రలోకెల్లా ప్రసిద్ధమైన ఈ క్రాస్ ఎగ్జామినేషన్‌ను జ్యూరీ వినలేదు. వారిని ముందే బయటికి పంపారు. మర్నాడు జడ్జి గారు ఆ సాక్ష్యం మొత్తాన్ని రికార్డు నుంచి కొట్టివేశారు. అప్పుడు మన కథానాయకుడు లేచి, అప్పీలుకు వెళ్లాలి కనుక మా ముద్దాయిని దోషిగా తేల్చండని జ్యూరీని స్వయంగా కోరారు. తన ముగింపు ప్రసంగాన్ని ఆయన వదులుకున్నారు; అలా వదులుకుంటే అక్కడి నియమం ప్రకారం అవతలి పక్షానికీ ప్రసంగించే అవకాశం పోతుంది, బ్రయన్ ఎంతో కాలంగా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. జ్యూరీ 9 నిమిషాల్లో తేల్చింది, 100 డాలర్ల జరిమానా పడింది. 50 డాలర్లు దాటిన జరిమానాను జడ్జి కాక జ్యూరీ వేయాలన్న నియమం తప్పినందుకు 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. బ్రయన్ అయిదు రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, భోజనానంతర నిద్రలో పోయారు. ఈ అలసత్వాన్ని సినిమా సవరించి, ఆయన్ను నిండు కోర్టులో కూల్చింది.

గెలిచిన కేసులు లేవని కాదు. 1907లో బాయిసీలో గని కార్మికుల నాయకుడు బిల్ హేవుడ్‌నూ, 1926లో డెట్రాయిట్‌లో తెల్లవారి మూక నుంచి ఇల్లు కాపాడుకున్న నల్లజాతి వైద్యుడి తమ్ముడు హెన్రీ స్వీట్‌నూ ఆయన విడిపించారు. అక్కడితో ఆగి ఉంటే అందరికీ బాగుండేది. కానీ 1932లో, 75వ ఏట, ఆయన హొనలూలు వెళ్లి, ఒక హవాయీ యువకుణ్ణి కాల్చి చంపిన తెల్లవారి పక్షాన నిలబడ్డారు. వారికి పడిన 10 ఏళ్ల శిక్షను గవర్నరు ఒక గంటకు తగ్గించి, ఆ గంటను తన కార్యాలయంలోనే గడపనిచ్చారు.

అంతకన్నా ముందు, 1911 నవంబరు 28న లాస్ ఏంజెలస్ వీధి మూలలో, డారో మనిషి ఒకడు, ఆయన వాదిస్తున్న కేసులో కాబోయే జ్యూరీ సభ్యుడికి 4,000 డాలర్ల లంచం అందించే ఏర్పాటులో పట్టుబడ్డాడు. సరిగ్గా ఆ సమయానికే డారో అదే వీధిలో నడిచి వస్తున్నారు. ఆయన మీద రెండు విచారణలు జరిగాయి; ఒకదానిలో నిర్దోషిగా తేలారు, రెండోదానిలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. దర్శకులకు నా సలహా ఏమిటంటే, ఆ ఉదయం కెమెరాను ఆ వీధికి తీసుకుపోవద్దు. కిటికీ దగ్గర ఎదురుచూస్తున్న భార్యను చూపించి, పియానో వాయించండి. జీవితమంతా ‘మావాడు దోషే, అయినా చంపకండి’ అని వాదించిన మనిషి తరఫున వకాల్తా పుచ్చుకుని, ‘మావాడు ఏ పాపం ఎరుగడు’ అని వాదించడమే కదా మన వృత్తి. పైగా ఈ కోర్టులో ప్రాసిక్యూటరు లేడు, టిక్కెట్టు కొన్నవాడికి ఎదురు ప్రశ్న వేసే హక్కూ లేదు.

షికాగోలోని జాక్సన్ పార్కులో ఆయన చితాభస్మం కలిపిన చోట ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు. పోయాక తిరిగి రాగలిగితే అక్కడికే వస్తానన్నారని ఒక కథ ఉంది, అందుకని మార్చి 13న కొందరు అక్కడ చేరుతుంటారు. ఇంతవరకూ వచ్చిన దాఖలా లేదు. ఒకవేళ వచ్చినా నిర్మాతలు కంగారు పడనక్కరలేదు. నలిగిన కోటుతో, నుదుటి మీద పడే జుట్టుతో, వదులు సస్పెండర్లతో ఆడిషన్‌కు వచ్చిన ఆ ముసలాయన్ను డారో పాత్రకు ఎవరూ తీసుకోరు.