కదిలే పొగడ్త

కదలని పొగడ్త పొగడ్తే కాదు. ఈ మాట ఘంటాపథంగా చెప్పగలను. మా వెబ్‌సైట్‌లో మూడేళ్లుగా ముగ్గురు కస్టమర్లు మమ్మల్ని మెచ్చుకుంటూ ఉన్నచోటే ఉన్నారు. అదే మాట, అదే నవ్వు. వాళ్లలో ఒకాయన మా దగ్గరికి రావడం ఎప్పుడో మానేశాడు. సైట్‌లో మాత్రం "ఎప్పటికీ మీతోనే" అంటున్నాడు.

మా వ్యాపారం ఏమిటంటారా? అది మా వెబ్‌సైటే చెప్పదు, నేనెందుకు చెప్పాలి.

"డైనమిక్ టెస్టిమోనియల్స్ పెడదాం సార్" అన్నాడు మా డెవలపర్ కుర్రాడు. టెస్టిమోనియల్స్ అంటే కస్టమర్ల మెచ్చుకోళ్లు. డైనమిక్ అంటే కదిలేవి అనుకున్నాను. కుర్రాడి ఉద్దేశం వేరట. కస్టమర్ ఫారంలో రాసిన మాట డేటాబేస్‌లోకి చేరి, అక్కడి నుంచి తనంతట తానే పేజీ మీదికి రావడమట. ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా మనం కూర్చుని కోడ్‌లో అతికించే పని తప్పుతుంది. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద మాట ఎందుకో! చివరికి రాజీ కుదిరింది. డేటాబేస్ నుంచీ వస్తాయి, కదులుతాయి కూడా.

సొంత డబ్బా కొట్టుకోవడం సభ్యత కాదని పెద్దలన్నారు. డబ్బా మనదే అయినా కొట్టే చెయ్యి ఇంకొకరిదైతే ఏ పెద్దలూ ఏమీ అనలేదు. టెస్టిమోనియల్ శాస్త్రమంతా ఈ సందులోంచే పుట్టింది. రాజుల కాలంలో పని ఇంకా తేలిక. ప్రభువు సభలో అడుగుపెట్టగానే వందిమాగధులు అందుకునేవారు, లేచి వెళ్లగానే ఆపేసేవారు. వాళ్లకు జీతాలిస్తున్నారని సభలో అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు. ఆ సుఖం మనకు లేదు.

పొగడ్తలను ఒకదాని తర్వాత ఒకటి జరిపి చూపే పెట్టెను స్లైడర్ అంటారు. అది నాలుగు సెకన్లకొక పొగడ్త చొప్పున తిరగాలన్నాను. చదివేలోపే వెళ్లిపోతుంది సార్ అన్నాడు కుర్రాడు. అంతటితో ఆగలేదు. వెబ్‌సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.0 అనే నియమావళి 2008లోనే వచ్చిందట. పేజీలో మిగతా విషయం పక్కన ఏదైనా తనంతట తానే కదలడం మొదలుపెట్టి 5 సెకన్లు దాటితే, దాన్ని ఆపే వీలు చూసేవాళ్లకు ఉండాలని అందులో ఉందట. నన్ను పొగిడేవాడి నోరు మూయించే బటన్ నా డబ్బుతో నేనే పెట్టించుకోవాలా? కుదరదన్నాను.

అప్పుడు లెక్కలు తీశాడు. అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇలాంటి స్లైడర్‌ను 2013లో గమనించారట. వచ్చినవాళ్లలో దాని మీద నొక్కింది సుమారు 1 శాతం. ఆ నొక్కుళ్లలో 84 శాతం మొదటి స్లైడ్ మీదే. "అయితే మంచిది మొదట పెట్టు" అన్నాను. "మరి మిగతావి ఎందుకు సార్?" అన్నాడు. అనుభవం లేని ప్రశ్న. పల్లకీ వెనక నడిచేవాళ్లు ఎందుకని ఎవరైనా అడుగుతారా?

ఒక్క విషయంలో మాత్రం కుర్రాడు నెగ్గాడు. ఒకరు "బాగుంది" అని ఊరుకుంటారు, ఇంకొకరు వ్యాసం రాస్తారు. పెట్టె ఎత్తు ఒక్కో స్లైడ్‌కు మారుతుంటే కింద పేజీ అంతా గెంతుతోంది. మా ఫోన్ బటన్ నొక్కబోయినవాళ్ల వేలు ఇంకెక్కడో పడుతోంది. పెట్టె ఎత్తు ఒకే కొలతకు బిగించాం. వ్యాసాల తోకలు తెగిపోయాయి, అయినా తోక దాకా చదివేదెవరు?

ఇక సరుకు ఎక్కడిది? గూగుల్‌లో మా మీద ఉన్న రివ్యూలను నేరుగా తెచ్చుకోవచ్చన్నాడు. తీరా చూస్తే వాటిని గూగుల్ నుంచి తెచ్చిపెట్టే ప్లేసెస్ ఏపీఐ అనే ఏర్పాటు ఒక చోటుకు ఐదు రివ్యూలకు మించి ఇవ్వదు. మాకు వచ్చిన ఐదింటిలో మొదటిది "పార్కింగ్ దొరకదు, మిగతాది ఫరవాలేదు". అది మానుకుని సొంత ఫారం పెట్టించాను. రాస్తామని మాటిచ్చినవాళ్లందరూ మాట మీదే నిలబడ్డారు, ఇప్పటికీ రాస్తామనే అంటున్నారు. చివరికి నేనే కలం పట్టాను. అబద్ధమని అనుకోకండి. వాళ్లు రాసి ఉంటే ఏం రాసేవారో అదే రాశాను.

మా ఆవిడ చదివి, "ఈ ముగ్గురూ సంతృప్తిని సంత్రుప్తి అనే రాశారే, అచ్చం మీలాగే" అంది. మంచి సర్వీస్ అందుకున్నవాళ్ల మనసులు ఒకటవుతాయి, స్పెల్లింగులతో సహా.

కుర్రాడు దీనికీ చట్టం చెప్పాడు. అమెరికాలో నకిలీ రివ్యూలను నిషేధిస్తూ 2024 అక్టోబర్ 21 నుంచి ఒక నిబంధన అమల్లోకి వచ్చిందట. రివ్యూలను ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్లు ఐఎస్ఓ 20488 అని 2018లో ఏకంగా ఒక ప్రమాణమే రాశారట. మన సైట్‌లో మన గురించి మనమే వేసుకున్న నక్షత్రాలను సెర్చ్ ఫలితాల్లో చూపడం గూగుల్ 2019లోనే మానేసిందట. నకిలీ అన్న మాట నా మనసుకు గుచ్చుకుంది. చరిత్ర తెలియనివాళ్ల మాట అది.

అమెరికాలో లిన్ అనే పట్టణంలో లిడియా పింక్‌హామ్ అనే ఆవిడ ఆడవాళ్ల మందు అమ్మేది. 1883లో చనిపోయింది. ఆ తర్వాత కూడా "మిసెస్ పింక్‌హామ్‌కు ఉత్తరం రాయండి, సలహా చెబుతారు" అని ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. 1905లో ఒక పత్రిక ఆవిడ సమాధి రాయి ఫొటో అచ్చేసే దాకా చాలామందికి సంగతే తెలియదు. డైనమిక్ అంటే అదీ. ఆవిడ పోయి 22 ఏళ్లయినా కస్టమర్లకు అందుబాటులో ఉంది. నేను బతికుండీ ఫోన్ ఎత్తలేకపోతున్నాను.

నక్షత్రాలు అన్నీ ఐదే ఉన్నా నమ్మరని ఇంకో చిక్కు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే, రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడే కొనేవాళ్ల మొగ్గు ఎక్కువగా ఉందట, 5కు దగ్గరయ్యే కొద్దీ తగ్గిందట. అంటే మాకో లోపం కావాలి. రెండు రాత్రులు ఆలోచించి నాలుగు నక్షత్రాలతో ఒకటి రాశాను: "వీరి నిజాయితీ ఒక్కోసారి ఇబ్బంది పెడుతుంది."

బయటివాళ్లు రాసేవి ముందు నేను చూసి సరే అన్నాకే పేజీలోకి రావాలన్నాడు కుర్రాడు. అంత తీరిక నాకెక్కడిది? నాలుగు, ఐదు నక్షత్రాలవి నేరుగా లోపలికి, మిగతావి బయటే అని గేటు పెట్టించాను.

ఆరు వారాలు దివ్యంగా తిరిగింది. నేను చూడలేదు, తిరిగిందని విన్నాను. నిన్న ఏమీ తోచక మొదటిసారి సైట్ తెరిచి కూర్చున్నాను. నాలుగు సంత్రుప్తుల తర్వాత ఐదు నక్షత్రాలతో ఒకటి వచ్చింది. "సార్, ఐదు ఇస్తే గానీ ఇక్కడ పడదని తెలిసి ఇస్తున్నాను. నెల రోజులుగా చేస్తున్నాను, మీ ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. ఇచ్చిన అడ్వాన్స్ సంగతి తేల్చండి. నా నంబర్..."

పక్కకు జరిగిపోయింది. ఆపుదామంటే బటన్ లేదు. మొత్తం పన్నెండు, ఒక్కోదానికి నాలుగు సెకన్లు. ఆయన వంతు మళ్లీ రావడానికి 44 సెకన్లు. పెన్నూ కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. రెండో చుట్టులో ఆరు అంకెలు రాసుకున్నాను. వాటిలో ఒకటి తప్పని మూడో చుట్టులో తేలింది.