ఆ ప్రొఫైల్ ఫైలు తీసేయండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. ‘ఔత్సాహికులకు మానిటర్ క్యాలిబ్రేషన్ పరికరం దండగ: ఐదు నిజాలు’ (తెర మీద ఆనించి రంగులు కొలిచి సరిచేయడానికి వాడే పరికరమది) అన్న మెసేజిని ఫొటోలు తీసే మిత్రులంతా వంతులవారీగా నాకే పంపుతున్నారు. మొదటి మూడుసార్లు నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఈ ఉదయం పంపినాయన ‘నేను పాటించేశాను కూడా’ అని రాశాడు.

అందులో ఒకటో ‘నిజం’: చవక పరికరాలు ఆటబొమ్మలు, ఖరీదైనవే సరిగ్గా కొలుస్తాయి. కానీ ఒకప్పుడు ఎక్స్-రైట్ కంపెనీ అమ్మిన కలర్‌మంకీ డిస్‌ప్లే అనే పరికరానికీ, దానికంటే ఖరీదైన ఐ1 డిస్‌ప్లే ప్రోకూ లోపలి సెన్సర్ దాదాపు ఒకటే. తేడా అంతా వేగంలోనూ వెంట ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనూ. ఆర్గిల్ సీఎంఎస్ అనే రంగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది కనుక ఆ రెండో తేడా కూడా లెక్కలోకి రాదు.

రెండోది: ఫోను కెమెరాతో కొలిచే యాప్ చాలు. తెల్ల రంగు కనిపించగానే దాన్ని తనకు తోచినట్టు దిద్దుకునే కెమెరా మన మానిటర్ తెలుపును కొలిచి పెడుతుందట. దొంగచేతికే తాళాలు.

మూడోది నాకు నిద్ర పట్టనివ్వనిది: ‘మీ మోడల్ పేరుతో నెట్‌లో ఐసీసీ ప్రొఫైల్ దొరుకుతుంది, దింపుకుని పెట్టుకోండి.’ ఒక మానిటర్ రంగులను ఎలా చూపుతుందో కంప్యూటర్‌కు చెప్పే ఫైలది. ఒకే పేరున్న రోగులిద్దరికీ ఒకే మందుచీటీ ఇచ్చినట్టుంది. ఎవరో ఒకరి మానిటర్, ఒకరోజున, వారు పెట్టుకున్న బ్రైట్‌నెస్ దగ్గర ఎలా వెలిగిందో కొలిచి రాసుకున్నదే చాలావరకు ఆ ఫైలు. అందులో తరచు గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే దిద్దుబాటు పట్టిక కూడా ఉంటుంది. అవతలివారి తెరలో ఆకుపచ్చ ఎక్కువైతే ఆ పట్టిక దాన్ని తగ్గిస్తుంది. మీ తెరలో ఆకుపచ్చ ఎక్కువే లేదు, అయినా తగ్గిస్తుంది. తెర గులాబీబారుతుంది. మీరు ఆ గులాబీ ఫొటోలో ఉందనుకుని ఫొటోను దిద్దుతారు.

నాకెలా తెలుసంటారా? నేనూ దింపుకున్నవాణ్నే. కన్ను కొద్ది నిమిషాల్లోనే తెర తెలుపుకు చాలావరకు అలవాటుపడిపోతుంది కనుక రెండు నెలలపాటు తప్పు తెరదేనని గమనించలేదు. ప్రింట్లు చేతికొచ్చాక చూస్తే ముఖాలన్నిటికీ కామెర్లు. అప్పుడు నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా వెళ్ళే బూడిదరంగు పట్టీ తెరిచాను. నడిమి మెట్లన్నీ లేత గులాబీ. ప్రొఫైల్ తీసేయగానే మళ్ళీ బూడిదరంగు. రెండు నెలల ఫొటోలు మొదటినుంచి దిద్దుకున్నాను. ఏ ప్రొఫైలూ పెట్టని మానిటర్ దీనికంటే ఎంతో నయం. ఇన్ని మాటలు రాసిన మహానుభావుడు ఆ పట్టీ ఒక్కసారి తెరిచి చూసి ఉంటే మనందరికీ ఈ శ్రమ తప్పేది.

నాలుగోది: కొనక తప్పకపోతే ఎంత పాతదైనా పరవాలేదు. పరవా ఉంది. పాత తరం పరికరాలు కొన్నిటిలో ఫిల్టర్లు పలుచని రంగు పొరలు. తేమకూ వయసుకూ వెలిసిపోతాయి. పైగా అవి ఫ్లోరసెంట్ బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే దీపం) రోజులకు తయారైనవి, ఎక్కువ రంగులు చూపే ఇప్పటి ఎల్ఈడీ తెరల ముందు తడబడతాయి. పాతది తీసుకున్నా గాజు ఫిల్టర్లున్నదీ, మీ తెర బ్యాక్‌లైట్ రకానికి తగిన సవరణ ఎంచుకోనిచ్చేదీ చూసుకోండి.

ఐదోది: అన్నిటికంటే ముందు బ్రైట్‌నెస్ తగ్గించండి.

ఇది నిజం. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు గానీ, పూర్తిగా నిజం. ప్రింటుకు సరిచూసుకోవాలంటే చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల (వెలుగు కొలత) వెలుగు చాలు; కొత్త మానిటర్లు తరచు 250 దాటి వెలుగుతూ వస్తాయి. ‘ప్రింట్లు నల్లగా వస్తున్నాయి’ అని వాపోయేవారిలో చాలామందికి కావలసింది ఆ ఒక్క మీటే. ప్రింట్లు వేయించకుండా నెట్‌లో పెట్టేవారైతే మానిటర్‌ను ఎస్ఆర్‌జీబీ (నెట్‌లో ఫొటోలకు వాడే ప్రామాణిక రంగుల పరిధి) మోడ్‌లో ఉంచి, వెలుగు తగ్గించి, ఏ పరికరమూ కొనకుండా హాయిగా ఉండవచ్చు. అవును, ఈ మాట రాస్తున్నది నేనే.

తక్కినవారు కూడా తలా ఒకటి కొననక్కర్లేదు. నెలకోసారి మానిటర్‌ను అరగంట వేడెక్కనిచ్చి కొలుచుకుంటే సరి. తక్కిన రోజులన్నీ నా పరికరం డబ్బాలోనే నిద్రపోతుంది. కావలసినవారు తీసుకువెళ్ళండి. ఈ ఉదయం మెసేజి పంపినాయనకే ముందు.