బడ్జెట్ ట్రిప్ పేరుతో పడవతని కూలిలో కోత పెట్టకండి

చలికాలం మొదలైందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. రెండు రోజులు, తక్కువ ఖర్చు, నీళ్లుండాలి, పల్లెటూళ్లుండాలి, సినిమాలు తీసిన చోట్లు కూడా తగిలితే ఇంకా మంచిది, ఎక్కడికి వెళ్దాం? హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఇదే: ఒకరోజు కొల్లేరు, ఒకరోజు కొవ్వూరు, రాజమండ్రి వైపు గోదావరి గట్టు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత జరిగే చర్చ చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నోవా అద్దెకీ డీజిల్‌కీ టోల్‌కీ కలిపి ఎంతవుతుందో చూసి ఎవరూ నోరెత్తరు, రిసార్టు రూముకి ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టేస్తారు, కానీ నీళ్ల మధ్య ఉండే లంక ఊళ్లో పడవతను ఒక గంట తిప్పడానికి రెండు వందలు అడిగితే మాత్రం "టూరిస్టులం కదా అని దోచేస్తున్నారు" అని మొదలుపెడతారు. వంద రూపాయలకి ఒప్పించి, దాన్ని గొప్పగా గ్రూపులో పెడతారు. దాని పేరు బడ్జెట్ ట్రిప్.

కాదండీ. తగ్గించుకోవాల్సిన ఖర్చు మన ప్రయాణంలో ఉంది. ఊళ్లోవాళ్ల చేతికి వెళ్లే డబ్బు ఈ ట్రిప్ మొత్తంలో అన్నిటికంటే చిన్నది, దాని మీద పడి ఏం లాభం?

లెక్క చూడండి. లింగంపల్లి నుంచి నర్సాపూర్ వెళ్లే రాత్రి రైలు గుడివాడ దాటాక కైకలూరులో ఆగుతుంది. స్లీపర్ టికెట్ మనిషికి 300 రూపాయలకి అటూ ఇటూ. రాత్రి పడుకుంటే తెల్లవారుజామున కొల్లేటి ఒడ్డున దిగుతారు, ఒక రాత్రి రూము ఖర్చు కూడా మిగిలినట్టే. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు కాబట్టి నవంబరు, డిసెంబరు శనివారాలకి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కూర్చోవాలి, సంక్రాంతి వారం అయితే ఆ ఆలోచనే వదిలేయండి, ఆ రైలు మొత్తం ఊళ్లకి వెళ్లేవాళ్లదే. రెండో రోజు రాత్రి రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్సో గౌతమి ఎక్స్‌ప్రెస్సో ఎక్కితే సోమవారం పొద్దున్న ఇంట్లో ఉంటారు. మధ్యలో ఆటో, పల్లెవెలుగు బస్సు, ఒక రాత్రికి మామూలు లాడ్జి, భోజనాలు, పడవ, అన్నీ కలిపినా నా లెక్కలో మనిషికి 2,500 దాటదు. ఆంధ్రా చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఇంకా తగ్గుతుంది. తెలంగాణ ఆధార్ ఉన్నవాళ్లకి అక్కడ అది వర్తించదు, కండక్టరుతో వాదన పెట్టుకోకండి.

ఇక కొల్లేరు సంగతి. "వెళ్లాం, ఏమీ లేదు, అంతా చేపల చెరువులే" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఎప్పుడు వెళ్లారో అడగండి. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి, విజయవాడ నుంచి ఏలూరు వెళ్తూ దారిలో ఓసారి చూద్దామని కారు తిప్పినవాళ్లే ఎక్కువ. ఎండాకాలంలో కొల్లేరు చాలాచోట్ల ఎండి పగుళ్లు తేలుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగులు తెచ్చే నీళ్లు వానాకాలంలో నిండి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రంలోకి పోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో నిలిచే మంచినీటి సరస్సు అది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడాలి. అది కూడా పొద్దున్నే.

కైకలూరు పక్కనే ఆటపాక. రైలు దిగి టీ తాగి ఆటో ఎక్కితే వెలుతురు వచ్చేసరికి అక్కడుంటారు. గూడబాతులు, అదే పెలికాన్లు, చెట్ల మీదా, అటవీశాఖ వాళ్లు వేసిన ఇనుప స్టాండ్ల మీదా కిక్కిరిసి గూళ్లు కట్టుకుని ఉంటాయి. రెట్టలతో కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయి ఉంటాయి, ఆ నీచు వాసన ముందు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, పది నిమిషాల్లో అలవాటైపోతుంది. తల్లి పక్షి వచ్చి నోరు తెరిస్తే పిల్ల తన తలని మెడదాకా దాని గొంతు సంచిలోకి దూర్చి చేపని లాక్కుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పిల్లని మింగేస్తోందేమో అనుకుంటారు. అంత దగ్గరగా, అన్ని పక్షుల్ని, అంత తక్కువ టికెట్టుకి చూపించే చోటు మన రెండు రాష్ట్రాల్లో ఇంకోటి నాకు తెలీదు. దయచేసి అక్కడ బ్లూటూత్ స్పీకర్ పెట్టకండి, గూళ్ల మీదకి డ్రోన్ ఎగరేయకండి. పెద్ద పక్షి బెదిరి లేచిందంటే గూట్లో పిల్లలు ఎండకీ కాకులకీ దొరికిపోతాయి.

చేపల చెరువులని చూసి మొహం ముడుచుకునేవాళ్లకి ఒక మాట. ఆ చెరువులు ఎందుకున్నాయో తెలుసుకుని చూడండి, అప్పుడు అదీ చూడదగ్గదే. 1970ల్లో సొసైటీలు పెట్టి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నవాళ్లు దిగి వందల ఎకరాలు గట్లు వేసేశారు. 1999లో +5 కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక, రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. కొంతకాలానికి చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. +5ని +3కి తగ్గించాలన్న గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పర్యావరణం వైపు ఉన్నవాళ్లు ఒకటంటారు, లంక ఊళ్లవాళ్లు మా పొట్ట సంగతేమిటంటారు. నా మటుకు నాకు సరస్సు సరస్సులా ఉండాలనే ఉంది, కానీ గట్లు కొట్టేటప్పుడు నష్టపోయింది ఎక్కువగా చిన్నవాళ్లేనన్నది కూడా మర్చిపోలేను. కిక్కిస గడ్డి పక్కన దోనె కట్టేసుకుని మీ కోసం ఎదురుచూస్తున్న మనిషి అలాంటి ఇంటివాడే అయ్యుండొచ్చు. ఆయన దగ్గర వంద రూపాయలు తగ్గించి మీరేం మిగుల్చుకున్నట్టు?

ఆటపాక తర్వాత కొల్లేటికోట వెళ్లండి. పెద్దింట్లమ్మ గుడి, చుట్టూ నీళ్లు, దారి పొడవునా చెరువు గట్లు, నీళ్లకి గాలి అందిస్తూ తిరుగుతున్న ఏరియేటర్లు, మేత బస్తాలు, ఐసు వేసి శీలావతి, బొచ్చె చేపలు సర్దుతున్న లారీలు. అవి బెంగాల్, అస్సాం దాకా వెళ్తాయి. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది, ఆ రోజుల్లో రద్దీ విపరీతం, సందడి కావాలనుకున్నవాళ్లే వెళ్లండి. మధ్యాహ్నం కైకలూరులో ఏ మెస్‌లోనైనా చేపల పులుసుతో భోజనం చేయండి, హైవే మీద ఏసీ రెస్టారెంట్లో ముక్కకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరు తినొచ్చు. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం ట్రిప్ మానుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లన్నీ చివరికి చేరింది కొల్లేటికే, లంక ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. ఏలూరు, కైకలూరు రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది కాబట్టి వరదొస్తే రాకపోకలు ఆగిపోతాయి.

సాయంత్రానికి భీమవరం, తణుకు, నిడదవోలు మీదుగా రైల్లోనో బస్సులోనో రాజమండ్రి చేరండి. గోదావరి స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకుంటే పుష్కర ఘాట్ నడిచి వెళ్లే దూరం. ఇక్కడ కూడా నది కనిపించే రూము కోసం రెట్టింపు పెట్టకండి. నది బయట ఉచితంగానే ఉంది.

రెండో రోజు సినిమా చోట్లు. కుమారదేవం సినిమా చెట్టు గురించి తెలియనివాళ్లు తక్కువ. కొవ్వూరు నుంచి తాళ్లపూడి వెళ్లే దారిలో, గోదావరి గట్టున నూట యాభై ఏళ్ల నిద్రగన్నేరు. 300కి పైగా సినిమాలు దాని కింద తీశారని అక్కడివాళ్లు లెక్క చెప్తారు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. అప్పటి నుంచి "చెట్టే లేదు కదా, ఇంకెందుకు" అనే మాట వింటున్నాను. ఈ మాటకి నాకు నిజంగా బాధేస్తుంది. దర్శకులు అక్కడికి వచ్చింది చెట్టు ఒక్కదాని కోసమేనా? గట్టు, రేవు, వెనక నది, సాయంత్రం వెలుతురు, షూటింగు వాళ్లకి మంచం వేసి మజ్జిగిచ్చిన ఊరు, అవన్నీ ఉన్నాయి కదా. చెట్టు పడిపోయిన రోజు చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. ఆ గట్టు మీద ఒక గంట కూర్చుని ఊళ్లో పెద్దవాళ్లెవరినైనా పలకరించండి, ఏ సినిమాకి ఎవరి ఇల్లు తీసుకున్నారో, ఏ పాటకి ఎవరి ఎడ్లబండి కట్టారో వాళ్లే చెప్తారు. ఏ యూట్యూబ్ వీడియోలోనూ అది దొరకదు. ఫొటో తీసుకుని ఐదు నిమిషాల్లో కారెక్కేసేవాళ్లకి అసలే దొరకదు.

రాజమండ్రికి సినిమాతో ఉన్న చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. 1936లోనే నిడమర్తి సూరయ్య ఇక్కడ దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. తర్వాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడినా అవుట్‌డోర్ అంటే గోదావరే అయింది. కాబట్టి కొవ్వూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు కం రైలు వంతెన మీద బస్సెక్కండి, కిటికీ పక్క సీటు పట్టుకోండి, 1900 నాటి హేవలాక్ వంతెనా 1997 నాటి ఆర్చి వంతెనా రెండూ కనిపిస్తాయి. మధ్యాహ్నం ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, పులిదిండి కాలువ గట్లు. కొబ్బరిచెట్ల నీడలో కాలువ మీద వంతెన, అవతల పెంకుటిళ్లు, ఇవన్నీ మీరు తెరమీద ఎన్నిసార్లు చూశారో అక్కడికెళ్తే మీకే తెలుస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకులు వేస్తున్న ఇళ్ల దగ్గర ఆగి, బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో తడిపిన బట్ట అలా లాగగానే కాగితంలా లేచొచ్చే రేకుని చూడండి. చూశాక డబ్బా కొనండి. రాజమండ్రిలో ఇంకో పది రూపాయలు తక్కువకి దొరుకుతుందని అక్కడ బేరం పెట్టకండి, రోజంతా పొగలో ఆ కుండ ముందు కూర్చునే ఆడవాళ్ల కష్టం అది.

పాపికొండలు కూడా కలపొచ్చా అని అడుగుతారు. వద్దు. దానికి ఒక రోజు పూర్తిగా కావాలి, ప్యాకేజీ ధర కూడా ఈ బడ్జెట్‌లో ఇమడదు, వేరేగా పెట్టుకోండి. ఎప్పుడు ఏ పడవ ఎక్కినా, లంక ఊళ్లో చిన్న పడవైనా సరే, లైఫ్ జాకెట్ అడగండి, లేకపోతే ఎక్కకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగి ఎంతమంది పోయారో మనందరికీ తెలుసు. అయితే ఒకటి, ధరని సగానికి నొక్కేస్తే పడవతను జాకెట్లెలా కొంటాడు? ఎక్కువమందిని ఎక్కించుకుంటే తప్ప గిట్టుబాటు కాని ధర మనమే పెట్టి, తర్వాత జాగ్రత్త లేదని తిట్టడం నాకు అస్సలు మింగుడుపడదు.

ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కైకలూరు స్టేషన్ నుంచి మధ్యాహ్నం దాకా ఒకే ఆటో మాట్లాడుకోండి, ఆటపాక, కొల్లేటికోట, భోజనం, మళ్లీ స్టేషన్, అంతా అతనే చూసుకుంటాడు. రేటు ఎక్కేముందే స్పష్టంగా అడిగి ఒప్పుకోండి. ఒప్పుకున్నాక దిగేటప్పుడు మళ్లీ తగ్గించమనకండి. లంక ఊళ్లలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోండి, ఫోన్‌పే పని చేయలేదని పడవతన్ని ఒడ్డున నిలబెట్టొద్దు.