సిరా లెక్క కాదు, పట్టీ లెక్క చెప్పండి

మిక్సీలో నీళ్లు, గ్రాఫైట్ పొడి, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ పోసి తిప్పితే గ్రాఫీన్, అంటే అతి పలుచని కార్బన్ పొరలు, వస్తుంది. జోక్ కాదు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో జొనాథన్ కోల్‌మన్ బృందం 2014లో చేసి చూపించింది. ద్రవంలో గిర్రున తిరిగేటప్పుడు గ్రాఫైట్ పొరలు విడిపోతాయి, అవి మళ్లీ అతుక్కోకుండా సబ్బు అడ్డుపడుతుంది. (ఇంట్లో మిక్సీ పాడుచేసుకోకండి; విడిపోని ముక్కల్ని తీసేయడానికి సెంట్రిఫ్యూజ్ కావాలి.) చివరికి మిగిలే నల్లటి ద్రవమే సిరా. దాన్ని ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేస్తే వంగే సూపర్‌కెపాసిటర్‌కు (బ్యాటరీలాగే విద్యుత్తు దాచే పరికరం) ఎలక్ట్రోడ్, అంటే ఛార్జి నిలిచే పొర, తయారైనట్టే.

చేతికి కట్టుకునే ఎలక్ట్రానిక్ పట్టీలో సర్క్యూట్ వంగుతుంది, బ్యాటరీయే మొండికేస్తుంది. అందుకే ఈ సిరాల మీద ఇంత ఆశ. 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వెలుగులోకి తెచ్చిన మెక్సీన్లకైతే (లోహం, కార్బన్ కలిసిన అతి పలుచని పొరలు) సబ్బు కూడా అక్కర్లేదు, నీళ్లలో వాటంతటవే నిలుస్తాయి. కాకపోతే గాలి తగిలి నిల్వ ఉంటే ఆక్సీకరణ చెంది పాడవుతాయి.

మా పేచీ సిరాతో కాదు, దాని గురించి చెప్పే అంకెలతో. సూపర్‌కెపాసిటర్ సెకన్లలో నిండుతుంది, లక్షల సార్లు నింపినా తట్టుకుంటుంది. కిలోకు దాచుకునే శక్తి మాత్రం లిథియం బ్యాటరీ కంటే చాలా తక్కువ. పరిశోధన పత్రాల్లో చూస్తే ఆ తేడా మాయమైనట్టే ఉంటుంది. ఎందుకంటే లెక్క కట్టేది సిరా గ్రాములకే. షీటు, ఎలక్ట్రోలైట్ (లోపల ఛార్జిని మోసే ద్రవం లేదా జెల్), పై తొడుగు తూకంలోకి రావు. బియ్యం గింజ బరువు చూసి బస్తా మోయగలనన్నట్టుంది ఇది. డ్రెక్సెల్‌కే చెందిన యూరీ గొగోట్సీ, ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిస్ సిమోన్‌తో కలిసి 2011లోనే ఈ సంగతి సైన్స్ పత్రికలో హెచ్చరించారు. అయినా అలవాటు పోలేదు.

మన దగ్గరా ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ జాతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ సూపర్‌కెపాసిటర్ల మీద పనిచేస్తోంది. ఖర్చయ్యేది ప్రజల డబ్బు కాబట్టి గ్రాంటు ఇచ్చేవాళ్లు గట్టిగా అడగాలి. మొత్తం పట్టీని తూకం వేస్తే శక్తి ఎంత? వెయ్యిసార్లు వంచాక ఎంత మిగిలింది? సిరాలో వాడిన ద్రావకం ఏది? చాలామంది వాడే ఎన్‌ఎంపీ అనే ద్రావకం దాదాపు 200 డిగ్రీలకు గానీ మరగదు. సిరా ఆరబెట్టడానికి అంత వేడి పెడితే మామూలు ప్లాస్టిక్ షీటు ముడుచుకుపోతుంది, పైగా ఎన్‌ఎంపీ గర్భస్థ శిశువుకు హానికరం. ఇంకొకటి, రాత్రి నింపి పక్కన పెట్టిన పట్టీలో తెల్లారేసరికి ఛార్జి ఎంత ఉంది?