ఫ్లోరిడాకు అసలు లోటు క్లేటన్ కాదు, నాలుగో గార్డ్

2025 ఏప్రిల్ 7 రాత్రి, శాన్ ఆంటోనియో. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ చివరి క్షణాలు. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. బంతి హ్యూస్టన్‌ది. ఇమాన్యుయెల్ షార్ప్ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేద్దామని గాల్లోకి లేచాడు. వాల్టర్ క్లేటన్ జూనియర్ ఎదురుగా దూసుకొచ్చేసరికి షాట్ వేసే దారి లేక బంతిని కిందికి వదిలేశాడు. మళ్లీ తానే పట్టుకుంటే ట్రావెలింగ్ అనే తప్పు, బంతి అవతలివాళ్లకు పోతుంది. బంతి కాళ్ల దగ్గరే దొర్లుతున్నా ముట్టుకోలేని పరిస్థితి. ఫ్లోరిడా బిగ్‌మన్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) అలెక్స్ కాండన్ నేలమీదికి దూకి దాన్ని లాక్కున్నాడు. అంతే, కప్పు ఫ్లోరిడా యూనివర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్ చేరింది.

ఆ ఇద్దరిలో క్లేటన్ ఆ వేసవిలో ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు, కాండన్ ఉండిపోయాడు. ఫ్లోరిడా 2025 వేసవి కథంతా చూపులకు ఇంతే: వెనక గార్డులు (బంతిని నడిపించేవాళ్లు) ఖాళీ, ముందున్న పొడగరులు పదిలం. క్లేటన్ (మ్యాచ్‌కు 18.3 పాయింట్లు), అలైజా మార్టిన్ (14.4), విల్ రిచర్డ్ (13.3) ముగ్గురూ ఒకేసారి దిగిపోయారు. జట్టు పాయింట్లలో సగానికి పైగా వీళ్లవే. ముగ్గురినీ ఆ జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజు) తీసుకున్నారు.

అందరూ ఈ ముగ్గురి లోటు గురించే మాట్లాడారు. నా దృష్టిలో అది లోటే కాదు. ముగ్గురూ ఆఖరి సంవత్సరం ఆడుతున్నారని కోచ్ టాడ్ గోల్డెన్‌కు ఏడాది ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకు డబ్బు ముందే పక్కన పెట్టుకుంటాం. ఇల్లు తలకిందులయ్యేది అనుకోని ఖర్చుతోనే. ఫ్లోరిడాకు ఆ అనుకోని ఖర్చు పేరు డెంజెల్ అబెర్డీన్.

స్టార్ కాదు. బెంచి మీంచి వచ్చే నాలుగో గార్డ్. మ్యాచ్‌కు దాదాపు 20 నిమిషాలు, 8 లోపు పాయింట్లు. మొదటి ముగ్గురిలో ఒకరు గాయంతో కూర్చుంటే ఆ స్థానంలో దిగేవాడు. 2022లో చేరి మూడేళ్లు అదే పద్ధతిలో ఆడాడు, నాలుగో ఏడు మొదటి ఐదుగురిలో ఉంటాడని అంతా అనుకున్నారు. ఏప్రిల్ చివర్లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా) పేరు పెట్టి కెంటకీకి వెళ్లిపోయాడు. దాంతో ఫ్లోరిడా ఇద్దరు కొత్త గార్డుల మధ్య ఒక్క పాత గార్డైనా లేకుండా సీజన్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. స్లొవేనియా కుర్రాడు ఉర్బన్ క్లావ్జార్ ఉన్నాడు, నిజమే. కానీ అతను షూటర్. కప్పు గెలిచిన ఏడాది అతనికి దక్కిన నిమిషాలు కూడా తక్కువే.

ఒక గార్డ్ మారితే ఇంత రభస ఎందుకంటే ముందు లెక్క చూడాలి. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, మొత్తం 200 నిమిషాలు పంచాలి. కోచ్‌లు వేసవిలో పాయింట్ల పట్టిక కన్నా ముందు వేసేది ఈ నిమిషాల పట్టికే. క్లేటన్, మార్టిన్, రిచర్డ్ కలిసి 90 నిమిషాలకు పైగా ఆడేవారు. అబెర్డీన్‌ని కలిపితే గార్డుల దగ్గరే 110 నిమిషాల ఖాళీ. ఇద్దరు మంచి గార్డులు చెరో 32 నిమిషాలు ఆడినా తీరేది 64. మిగతా 46 నిమిషాలు ఎవరివి? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేకుండానే చాలా జట్లు నవంబరులోకి వెళ్తాయి, జనవరిలో ఒక చీలమండ బెణికితే అప్పుడు తెలుస్తుంది.

ఫ్లోరిడా తెచ్చుకున్న పేర్లు చిన్నవేం కావు. ప్రిన్స్‌టన్ నుంచి జేవియన్ లీ: 16.9 పాయింట్లు, 6.1 రీబౌండ్లు (తప్పిన షాట్లను పట్టడం), 5.5 అసిస్టులు (పాయింటుకు దారితీసిన పాస్‌లు). ఆర్కాన్సా నుంచి బూగీ ఫ్లాండ్: 13.5 పాయింట్లు, 5.1 అసిస్టులు, మధ్యలో చేతి బొటనవేలి గాయం. ఒహాయో యూనివర్సిటీ నుంచి షూటర్ ఏజే బ్రౌన్. కాగితం మీద లీ, ఫ్లాండ్ కలిపితే 30 పాయింట్లు దాటాయి. ఇక్కడే మోసపోతాం.

ఆ అంకెలు ఇద్దరూ బంతి చేతిలో పెట్టుకుని సంపాదించినవి. ప్రిన్స్‌టన్‌లో ఆట లీ చేతిలో మొదలయ్యేది, ఆర్కాన్సాలో గాయం అయ్యేదాకా ఫ్లాండ్ చేతిలో. ఇద్దరినీ ఒకే జట్టులో పెడితే బంతి రెండు కాదు కదా. ఒకడు ఆడిస్తుంటే రెండోవాడు మూలన నిలబడాలి. అలా నిలబడ్డప్పుడు అతనేం చేస్తాడన్నది 13.5 అనే అంకె చెప్పదు. అందుకే పోర్టల్‌లో గార్డుని ఎంచేటప్పుడు మొత్తం త్రీ శాతం చూస్తే సరిపోదు. అందుకున్న వెంటనే వేసిన త్రీలు వేరు, డ్రిబుల్ చేసి వేసిన త్రీలు వేరు. రెండూ విడిగా తీయాలి. వీడియోలో కూడా బంతి లేని ఆటగాడినే చూడాలి, బోరు కొట్టినా సరే.

కోర్టులో ఇది ఎలా కనబడుతుందంటే: లీ పైనుంచి బంతితో వస్తాడు, కాండన్ అడ్డు నిలబడి స్క్రీన్ పెడతాడు, లీ దాని పక్కనుంచి లోపలికి దూసుకెళ్తాడు. కాండన్ బుట్ట వైపు తిరిగి పరుగెత్తుతాడు. రిచర్డ్ ఉన్న రోజుల్లో మూలన అతన్ని కాసేవాడు అక్కణ్నుంచి కదిలితే చచ్చాడే. ఇప్పుడు మూలనున్నవాడి త్రీ మీద నమ్మకం లేకపోతే డిఫెండర్ రెండడుగులు లోపలికి జరుగుతాడు. ఆ రెండడుగులు చాలు. లీ బుట్ట పక్కనుంచి వేయాల్సిన సులువైన లేఅప్ కాస్తా దూరం నుంచి ఎత్తుగా వేసే కష్టమైన ఫ్లోటర్ అవుతుంది, కాండన్‌కి పాస్ వెళ్లే దారి మూసుకుపోతుంది. పైగా ఫ్లోరిడా పొడగరులు ముగ్గుర్నీ ఒకేసారి దింపే పద్ధతికి వెళ్లింది. 6 అడుగుల 9 అంగుళాల థామస్ హా మూడో స్థానంలో, కాండన్ (6 అడుగుల 11), రూబెన్ చిన్యేలు (6 అడుగుల 10) లోపల. చిన్యేలు బయటి నుంచి షాట్ వేసే మనిషి కాడు. రీబౌండ్లకు ఇంతకన్నా మంచి కూర్పు దొరకదు. పెయింట్‌లో (బుట్ట కింది చోటు) మాత్రం సంక్రాంతి రోజుల్లో ఆర్టీసీ బస్సంత ఇరుకు.

నవంబరు 3న లాస్ వెగాస్‌లో తొలి మ్యాచ్‌లోనే అరిజోనా చేతిలో 93–87 తేడాతో ఓడింది. తొలి వారాల్లో త్రీలు పడలేదు, డిసెంబరు మొదట్లో డ్యూక్ మీద ఒక్క పాయింట్ తేడాతో, 67–66తో, పోయింది. కొత్త గార్డులు పనికిరారని కాదు. అలవాటుపడేందుకు వాళ్లకు దొరకాల్సిన అక్టోబరు, నవంబరులను ఒక పాత గార్డు కొనిపెట్టేవాడు. ఏ స్క్రీన్ తర్వాత కాండన్ ఎటు పరుగెత్తుతాడో, హాకి బంతి ఏ ఎత్తులో ఇష్టమో తెలిసినవాడు బెంచి మీద ఒకడుంటే ఆ ఖరీదు ఎనిమిది పాయింట్లు కాదు.

పోర్టల్ అనగానే మనవాళ్లకు ఐపీఎల్ వేలం గుర్తొస్తుంది. పోలిక సగమే నడుస్తుంది. ఐపీఎల్‌లో రిటెన్షన్ జాబితా జట్టు చేతిలో ఉంటుంది, ఇక్కడ ఆటగాడి చేతిలో. 2018 అక్టోబరులో పోర్టల్ మొదలైనప్పుడు కాలేజీ మారినవాడు మామూలుగా ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ శిక్ష తీసేశారు. 2024 ఏప్రిల్‌లో, కోర్టు దెబ్బల తర్వాత, చదువు లెక్క సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. పద్ధతి కూడా చిన్నదే. ఆటగాడు తన కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెబుతాడు. రెండు పనిదినాల్లో వాళ్లు పేరు ఎక్కించాలి. ఎక్కాక ఎవరైనా ఫోన్ చేయొచ్చు. గడువు పేరు ఎక్కించడానికే, కొత్త కాలేజీని ఎంచుకోవడానికి కాదు. ఇది తెలియక గడువు ముగిసిన మర్నాడే "మార్కెట్ మూసేశారు" అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

బోల్తా కొట్టేది తరచూ చదువు లెక్క దగ్గర. మూడో ఏడాదిలోకి వచ్చేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి. రెండు కాలేజీలు మారినవాడి క్రెడిట్లు మూడో కాలేజీ డిగ్రీలో అన్నీ కుదరవు. కోర్సులు చేశాడు, పాసయ్యాడు, కానీ ఈ డిగ్రీకి లెక్కలోకి రావు. అప్పుడు వేసవి తరగతులతో పూడ్చాలి. తెలివైన స్టాఫ్ ఆటగాడి వీడియో కన్నా ముందు ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకుంటుంది.

విదేశీ ఆటగాళ్లకు ఇంకో ముడి, అది తెలుగు ఇళ్లకు బాగా తెలిసిందే: ఎఫ్-1 విద్యార్థి వీసా. ఐ-20 కొత్త యూనివర్సిటీకి మారాలి, సెవిస్ రికార్డు బదిలీ కావాలి. క్యాంపస్‌లో పని తరగతుల కాలంలో వారానికి 20 గంటలే, బయట పనికి అనుమతి కావాలి. పక్క లాకర్‌లోని అమెరికన్ కుర్రాడు కారు షోరూం ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే, అదే పని చేసిన విదేశీ కుర్రాడు స్టేటస్‌కే ఎసరు తెచ్చుకోవచ్చు. 2025–26 ఫ్లోరిడా జట్టులో ఆస్ట్రేలియా నుంచి కాండన్, నైజీరియా నుంచి చిన్యేలు, స్లొవేనియా నుంచి క్లావ్జార్, కెనడా నుంచి లీ. ఇలాంటి జట్టుకు షూటింగ్ కోచ్ ఎంత అవసరమో ఇమిగ్రేషన్ లాయరూ అంతే అవసరం.

ఇక డబ్బు. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ కేసు (ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుపై దావా) ఒప్పందాన్ని ఆమోదించాక, జులై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు. తొలి ఏడాది పరిమితి కాలేజీకి సుమారు 20.5 మిలియన్ డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్దన్నగా ఉన్నచోట సింహభాగం దానికే. బాస్కెట్‌బాల్‌కు 15 శాతం వచ్చిందనుకుందాం, మూడు మిలియన్ల చిల్లర. స్కాలర్‌షిప్పులు 13 అన్న పాత హద్దు పోయి, ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో 15 మంది అనే హద్దు వచ్చింది. బయటి స్పాన్సర్ల సొమ్ము దీనికి అదనం, 600 డాలర్లు దాటిన ఒప్పందం ఏదైనా చూపించాలి. ఈ డబ్బులో ముగ్గురు పొడగరులను నిలబెట్టుకుని, ఇద్దరు స్టార్ గార్డులను కొన్నాక, నాలుగో గార్డుకి మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. అబెర్డీన్ విషయంలో లోపల ఏం జరిగిందో అది వాళ్ల గొడవ. కానీ ఈ అమరిక ప్రతి జట్టులోనూ నాలుగో మనిషినే ముందు బయటికి తోస్తుంది. బెంచి మీద అతని ధర తక్కువ, ఇంకో జట్టులో మొదటి ఐదుగురిలో దిగితే ఎక్కువ.

క్యాలెండర్ కూడా కలిసిరాలేదు. 2025లో పోర్టల్ మార్చి 24న తెరుచుకుని ఏప్రిల్ 22న మూసుకుంది. అంటే తెరుచుకున్నది టోర్నమెంట్ రెండో రౌండ్ అయిన మర్నాడే. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు రెండు వారాలు ఆటకు సిద్ధమవుతుంటే, ఇంట్లో కూర్చున్న జట్లు ఫోన్లు చేసుకుంటున్నాయి. పైగా డ్రాఫ్ట్‌లో పేరిచ్చినవాడు కాలేజీకి తిరిగి రావడానికి గడువు మే 28. కాండన్ ఆ గడువు అంచున గానీ తేల్చలేదు. అతను రాకపోతే? ఏప్రిల్‌లో దొరికే మంచి బిగ్‌మన్లు జూన్‌లో దొరకరు. ఈ ఇబ్బందే ఇంకో వైపు నుంచి ఫ్లోరిడాకు కలిసొచ్చింది. ఫ్లాండ్ పోర్టల్‌లోనూ డ్రాఫ్ట్‌లోనూ కాళ్లు పెట్టి మే దాకా ఆగాడు కాబట్టే మార్కెట్ ఖాళీ అయ్యాక కూడా ఒక పెద్ద గార్డ్ మిగిలాడు. 2026 నుంచి పోర్టల్ గడువును 15 రోజులకు తగ్గించి, ఫైనల్ మర్నాడు తెరిచేలా మార్చారు. గెలుస్తున్న జట్టుకు ఇది న్యాయమే. కానీ 30 రోజుల్లో తప్పుగా కొనేవాళ్లు 15 రోజుల్లో సరిగ్గా కొంటారా అన్నది నా అనుమానం.

గెయిన్స్‌విల్‌లో పాతవాళ్లు 2006 జట్టును తలచుకుంటారు. జోకిమ్ నోవా, అల్ హోర్ఫర్డ్, కోరీ బ్రూవర్, టోరియన్ గ్రీన్, లీ హంఫ్రీ: కప్పు గెలిచిన ఐదుగురూ, కొందరిని ఎన్‌బీఏ పిలుస్తున్నా, మళ్లీ వచ్చి 2007లో రెండోసారి గెలిచారు. అలాంటి వేసవి ఇక రాదు, అనుకోవడం కూడా దండగ. పూర్తిగా కొత్త జట్టు నడవదనీ కాదు. 2024లో కెంటకీలో మార్క్ పోప్ చేరేసరికి ఒక్క స్కాలర్‌షిప్ ఆటగాడూ మిగల్లేదు. అంతా కొత్తగా కూర్చుకుని చివరి 16 దాకా వెళ్లాడు. కానీ అక్కడ అందరూ సమానంగా కొత్త, కోచ్‌తో సహా. ఫ్లోరిడాలో సగం మందికి ఆట కంఠతా వచ్చు, సగం మందికి అక్షరాభ్యాసం. బంతి పట్టుకున్నది రెండో సగం.

అదే పోప్ మరుసటి ఏడాది అబెర్డీన్‌ని తీసుకున్నాడు. ఫ్లోరిడా ఆటను మూడేళ్లు దగ్గర్నుంచి చూసిన కుర్రాడు 2025–26లో అదే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల లీగ్), అవతలి జట్టులో.